సంఘంలో లేని మేస్త్రి

శాసనసభ్యుడుగారికి ప్రజలంటే ప్రాణం. ఆ సంగతి ఆయనే రోజుకు పదిసార్లు చెప్పేవారు కాబట్టి నమ్మక తప్పదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ప్రజలు విడివిడిగా వస్తే ఆయనకు తలనొప్పి పట్టుకునేది. ఒకడు వచ్చి ఏడుస్తాడు, ఇంకొకడు అరుస్తాడు, మూడోవాడు మొదలుపెట్టిన మాట మధ్యలో మరిచిపోతాడు. అదే ఒక సంఘంగా వస్తే ఎంత హాయి! ఒక అధ్యక్షుడు, ఒక లెటర్‌హెడ్, సభలో తిన్నగా చదివేయడానికి వీలుగా టైపు చేసిన రెండు పేజీలు. చదివేస్తే ప్రజాసేవ పూర్తయినట్టే.

ఆయన గది బయట, కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చునే ఆవిణ్ణి అందరూ సెక్రటరమ్మ అనేవారు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లాలో రాసేది ఆవిడే. లోపలినుంచి బయటికొచ్చే ప్రతి కాగితాన్నీ టైపు చేసేదీ ఆవిడే. పద్నాలుగేళ్ల నౌకరీలో ఆవిడ నేర్చుకున్న గొప్ప విద్య ఒకటుంది. ఆ ఆఫీసులో ఏ బిల్లూ, ఏ సవరణా కొత్తగా రాయరు. పాత కాగితం తీసి, అందులో పేర్లు మార్చి కొత్తది చేస్తారు. పాత చొక్కాకి కొత్త బొత్తాలు కుట్టుకున్నట్టన్నమాట. ఒకసారి లారీల బిల్లు మీద పేర్లు మార్చి పాల నాణ్యత బిల్లు తయారుచేశారు. ఆ చట్టం ప్రకారం ఇప్పటికీ పాల డెయిరీలకు వెళ్లే ఇన్‌స్పెక్టర్లు పాలు చూడటానికి ముందు టైర్ల అరుగుదల కొలుస్తారు. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు.

ఆ గదికి అందరికంటే ఎక్కువగా వచ్చేది ఫోల్డరాయన. నున్నటి నీలం ఫోల్డరు చంకలో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు వచ్చింది. గృహ యంత్రాల తయారీదార్ల సంఘం తరఫున మాట్లాడటం ఆయన ఉద్యోగం. చెడ్డవాడా అంటే కాదు, పాపం. లోపలికి వస్తూనే "ఏమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. సభ్యుడుగారు పద్నాలుగేళ్లలో ఒక్కసారీ అడగని మాట అది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు, మంచివాడితోనే కష్టం.

ఆ రోజు ఫోల్డరాయన ఇచ్చి వెళ్లిన కాగితాల పేరు గృహ యంత్రాల భద్రత బిల్లు. సెక్రటరమ్మ అలవాటు ప్రకారం మెదడు పక్కన పెట్టి టైపు చేసుకుపోతోంది. ఏడో క్లాజు దగ్గరకొచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. "ప్రజల భద్రత దృష్ట్యా, ఏ గృహ యంత్రాన్నైనా తయారీ సంస్థ పంపిన నిపుణుడు తప్ప మరెవరూ విప్పరాదు" అని ఉంది. ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, రేడియో, బట్టలుతికే మిషను, ఏదైనా సరే.

ఆవిడ మొగుడు చేసే పనే అది. మార్కెట్ సందులో రిపేరు షాపు. ఆ పక్క షాపు మేస్త్రిది. ఆవిడ మొగుడికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి మోటారు చుట్టడం దాకా పదకొండేళ్లు పని నేర్పినవాడు మేస్త్రే. నేర్పి ఊరుకున్నాడా అంటే లేదు. పక్క షాపు ఖాళీ అయితే తనే ఓనరుతో మాట్లాడి ఇప్పించి, మొదటి సంవత్సరం తన దగ్గరికి వచ్చిన ఫ్యాన్లలో సగం "మావాడు బాగా చేస్తాడు, అక్కడివ్వండి" అని అటు పంపించాడు. సొంత అన్నదమ్ములు కూడా చేయని పని అది. ఈ ఒక్క క్లాజుతో ఆ రెండు షాపులూ మూతపడతాయి.

సెక్రటరమ్మ సభ్యుడుగారితో మాట్లాడాలనుకుంది. అందరికీ టైము ఇచ్చేది తనే కాబట్టి తనకి తనే సాయంత్రం నాలుగింటికి టైము రాసుకుంది. నాలుగున్నరదాకా కూర్చోబెట్టారు.

"సార్, ఏడో క్లాజు గురించి..."

"దేంట్లో ఏడో క్లాజు?"

"వచ్చే వారం మీరు ప్రవేశపెట్టబోయే బిల్లులో సార్."

"అందులో క్లాజులు కూడా ఉన్నాయా?" అన్నారు సభ్యుడుగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. వినేటప్పుడు తల ఊపడంలో ఆయన్ని మించినవాళ్లు సభలోనే లేరు.

"అమ్మా, మీ ఆయన ఒక్కడికి ఇబ్బందని చట్టం ఆపేస్తామా? నువ్వే చెప్పు."

"ఒక్కరు కాదు సార్. ఊరంతా ఉన్నారు రిపేరు చేసేవాళ్లు."

"ఉంటే మరి ఏరీ? ఒక్కడైనా వచ్చి కనబడ్డాడా? అటువైపు వాళ్లు చూడు, మూడు నెలల్నుంచి తిరుగుతున్నారు. ఎంత ఓపిక!"

"తిరగడానికే వాళ్లకి జీతమిస్తారు సార్."

"అదీ పద్ధతంటే!" అన్నారు సభ్యుడుగారు. "సంఘంగా రమ్మను. వింటాను. వినడానికేగా నన్ను ఎన్నుకున్నది."

ఆవిడ ముఖం చూసి, బయట వరండాలో ఫోల్డరాయనే కదిలించి కనుక్కున్నాడు. కనుక్కుని నొచ్చుకున్నాడు కూడా. "అయ్యో, మీవారు ఆ పనిలో ఉన్నారని నాకు తెలియదమ్మా. ఇందులో నా సొంతం ఏమీ లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, సభ కూడా అంతే. మీరూ ఒక సంఘం పెట్టండి. మా సంఘం మొదలైంది కూడా నలుగురితోనే" అన్నాడు. ఎదుటివాడికి కత్తి ఎలా పట్టుకోవాలో నేర్పించి మరీ యుద్ధానికి దిగే మర్యాదస్తుడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మొగుడి షాపులో ఇరవై ముగ్గురు రిపేరువాళ్లు సమావేశమయ్యారు. వాళ్లంతా ఒక కప్పు కింద కూర్చోవడం అదే మొదటిసారి. ఎందుకంటే ఆ వృత్తిలో ఏ యంత్రం వచ్చినా మొదట అడిగే ప్రశ్న "దీన్ని ఇంతకుముందు ఏ దరిద్రుడు విప్పాడమ్మా?" అనేది. ఆ దరిద్రులంతా ఇప్పుడు ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి గంట ఎవరు ఎవరి ఫ్యాను తగలబెట్టారన్న దానికే సరిపోయింది. రెండో గంట అధ్యక్షుడు ఎవరన్న దానికి సరిపోయింది. ఆలూ లేదు, చూలూ లేదు గానీ అధ్యక్ష పదవికి మాత్రం తొమ్మిదిమంది తయారయ్యారు. చివరికి షాపూ కుర్చీలూ తనవి కాబట్టి సెక్రటరమ్మ మొగుడే అధ్యక్షుడయ్యాడు. పొద్దున్నే ఇల్లు కదలనని మొరాయించినవాడు, సాయంత్రానికి గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

సభ్యత్వ పుస్తకం ఒక్కొక్కరి చేతికీ వెళ్లింది. మేస్త్రి దగ్గరకొచ్చేసరికి ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"స్క్రూ తిప్పడానికి సంఘమెందుకమ్మా?" అన్నాడు సెక్రటరమ్మ వైపు చూసి. "ఇక్కడున్నవాళ్లలో సగంమంది నా దగ్గరే పని నేర్చుకున్నారు. వీళ్లు నాకు సభ్యత్వమిస్తారా? నాకు పని వచ్చని వీళ్లు రాసిస్తేగానీ పని రానట్టా? మీరు కానివ్వండి. నేను మోటారు విప్పి పెట్టి వచ్చాను."

కోపంగా వెళ్లలేదు, పని ఉందని వెళ్లాడు. మిగతావాళ్లకి అదే ఎక్కువ కోపం తెప్పించింది. సెక్రటరమ్మ వెనకే వెళ్లి గుమ్మం దగ్గర ఆపింది.

"మీరు సంతకం పెట్టకపోయినా పర్వాలేదు మేస్త్రిగారూ. కాగితం తయారుచేసేది నేనేగా. మీ షాపుకి ఏమీ కాకుండా చూసే పూచీ నాది."

"నువ్వున్నావు కదమ్మా, ఇంక నాకేం భయం?" అన్నాడాయన.

మాటిచ్చినంత తేలిగ్గా కాగితం రాయడం వస్తే ఈ కథే ఉండేది కాదు. బిల్లుకి ఇంక రెండు రోజులే ఉన్నాయి. ఆవిడ మధ్యాహ్నం క్యారేజీని బల్ల సొరుగులోనే వదిలేసి పాత సవరణలు వెతికింది. మినహాయింపు అడిగిన సవరణ ఒక్కటే దొరికింది, ఎప్పుడో దిగుమతిదార్ల సంఘం వేయించుకున్నది. ఆవిడ పద్నాలుగేళ్లుగా చేసిందే చేసింది. "దిగుమతిదార్లు" అన్నచోట "రిపేరుదార్లు" అనీ, "సరుకు పెట్టె" అన్నచోట "యంత్రం" అనీ మార్చింది. మొదటి వాక్యంలో "సంఘ సభ్యులకూ, అనుభవజ్ఞులైన ఇతరులకూ ఏడో క్లాజు వర్తించదు" అని మేస్త్రి కోసం రెండు ముక్కలు ప్రత్యేకంగా చేర్చింది. చేర్చి తృప్తిగా నిట్టూర్చింది. కింద ఉన్న మూడు ఉపక్లాజులూ గబగబా టైపు చేసేసింది. ఆ ఆఫీసులో కాగితాలు ఎవరూ చదవరని మీకు ముందే మనవి చేశాను.

సభలో ఆ రోజు సభ్యుడుగారి వైభవం చూసి తీరవలసిందే. పొద్దున బిల్లు ప్రవేశపెడుతూ, తెలిసీ తెలియని చేతులు యంత్రాలు విప్పడం వల్ల తల్లులు ఎలా వణికిపోతున్నారో చెప్పి గొంతు గద్గదం చేసుకున్నారు. మధ్యాహ్నం సవరణ ప్రవేశపెడుతూ, చేతిపనిని నమ్ముకున్న రిపేరుదారు పొట్ట కొట్టే చట్టం ఏ నాగరిక దేశంలోనూ ఉండరాదని బల్ల గుద్దారు. రెండుసార్లూ అవే చప్పట్లు. మధ్యలో ఎవరో "సంఘ సభ్యులు చాలు, ఈ ఇతరులెవరండీ, ఎవరికి జవాబుదారీ?" అన్నారు. సభ్యుడుగారు "నిజమే, కొట్టేయండి" అన్నారు. కొట్టేశారు. మూజువాణి ఓటుతో బిల్లు గట్టెక్కింది.

మార్కెట్ సందులో పండగే పండగ. సంఘానికి బోర్డు వచ్చింది, రబ్బరు స్టాంపు వచ్చింది. అధ్యక్షుడుగారికి ఇస్త్రీ చొక్కా వచ్చింది. ఆకుపచ్చ ఫోల్డరు కూడా వచ్చింది.

అచ్చయిన చట్టం ఆఫీసుకి చేరినప్పుడు సెక్రటరమ్మ దాన్ని మొదటిసారి తీరిగ్గా చదివింది. మేస్త్రి కోసం తను చేర్చిన రెండు ముక్కలూ లేవు. ఆ కింద ఉన్న మూడు ఉపక్లాజులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చట్టం వచ్చిన తేదీ నాటికి సభ్యుడై ఉన్నవాడికే మినహాయింపు అని ఒకటి. ఆ తర్వాత ఎవరినైనా చేర్చుకోవాలంటే కార్యవర్గం ఐదుగురూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని రెండోది. సభ్యుడు కానివాడు సభ్యుడి దగ్గర పనిచేస్తూ, అతని ఎదుట, అతను సంతకం చేసిన తర్వాత మాత్రమే యంత్రాన్ని విప్పాలని మూడోది. దిగుమతి సరుకు పెట్టెలు విప్పడానికి ఎప్పుడో ఎవరో రాసుకున్న నియమాలవి. పెట్టె పోయి యంత్రం వచ్చిందంతే. పొరపాటు సభది కొంత, తనది చాలా.

సాయంత్రం వంటింట్లో మొగుణ్ణి నిలబెట్టి అడిగింది.

"ఏమండీ, రేపే కార్యవర్గాన్ని పిలిచి మేస్త్రిగారిని చేర్చుకోండి. ఐదు సంతకాలు, అంతే."

"చూద్దాం."

"చూసేదేముంది? ఆయన లేకపోతే మనకి ఈ గిన్నెలు ఎక్కడివి?"

నాలుగు రోజుల తర్వాత మొగుడే చెప్పాడు, చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తూ. "కాలేదే. అందరూ వద్దన్నారు. పిలిచినప్పుడు పుస్తకం ముట్టుకోని మనిషికి ఇప్పుడెందుకన్నారు. అదీగాక మార్కెట్లో షాపులు ఇప్పటికే ఎక్కువైపోయాయి."

"అందరూ అంటే ఐదుగురూనా?"

ఆయన తగిలించిన చొక్కా మడత సరిచేశాడు.

"మీరు కూడా చెయ్యెత్తారా?"

"మనిషిగా నాకు ఆయనంటే గౌరవం. అది వేరు. అధ్యక్షుడిగా నేను సంఘం మాట వినాలి. ఇది వేరు. నీకు ఆఫీసు పని తెలుసుగా, అర్థం చేసుకోవాలి."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని ఆవిడ ఆఫీసులో చాలామందిని చూసింది. వాళ్లకి ఇంట్లో అన్నం వడ్డించాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు సభ్యుడుగారి గదిలోకి టైము రాసుకోకుండానే వెళ్లిపోయింది. సవరణకి ఇంకో సవరణ కావాలంది. పొరపాటు తనదేనంది.

"ఏ సంఘం అడుగుతోందమ్మా?"

"సంఘమేమీ లేదు సార్. ఒక్క మనిషి. పెద్దాయన. నలభై ఏళ్లుగా అదే పని."

సభ్యుడుగారు శ్రద్ధగా తల ఊపారు. ఆయనకి దయ లేదని ఎవరూ అనలేరు. "అలాంటివాళ్లు ఇంకా ఉంటే అందర్నీ కలిపి సంఘాల్లో లేనివాళ్ల సంఘం అని ఒకటి పెట్టమను. అధ్యక్షుణ్ణి తీసుకురమ్మను. అప్పటిదాకా నా చేతులు కట్టేసినట్టే" అని, బల్ల మీది ఆకుపచ్చ ఫోల్డరు ఆవిడ వైపు తోశారు. "పైగా ఇది చూడు. నిన్ననే వచ్చింది. ఎంత బాగా రాశారో."

రిపేరుదార్ల సంఘం విన్నపం అది. ప్రజల భద్రత దృష్ట్యా, సభ్యత్వ నియమాలను ఏ పరిస్థితిలోనూ సడలించరాదని కోరుతూ రాసింది. తెలిసీ తెలియని చేతులు, వణికిపోయే తల్లులు, అన్నీ ఉన్నాయి. కామాలు కూడా ఎక్కడివక్కడ ఉన్నాయి. కామా ఎక్కడ పెట్టాలో మొగుడికి నేర్పింది ఆవిడే. కింద సంతకం చూసి ఫోల్డరు మూసేసింది.

రెండు వారాలకి మేస్త్రి షాపు తలుపుకి ఇన్‌స్పెక్టరు నోటీసు అంటించాడు. ఆ రోజే అధ్యక్షుడుగారు ఇంటికి హుషారుగా వచ్చారు. "నువ్వు ఊరికే బాధపడ్డావు. చూడు, ఎంత మంచి దారి దొరికిందో. ఆయన మన షాపులో పని చేస్తాడు. మూడో ఉపక్లాజులో ఉంది కదా, నీకు తెలియందేముంది? సంతకం నాది, చెయ్యి ఆయనది. ఆయనకీ రోజు గడుస్తుంది, మనకీ పేరొస్తుంది" అన్నాడు. ఇదంతా తన దయాగుణమేనని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. నటించి ఉంటే ఆవిడకి తిట్టడానికైనా వీలుండేది.

ఒక వారం మార్కెట్ వైపు వెళ్లలేకపోయింది. తర్వాత ఒకరోజు భోజనాల వేళ ధైర్యం చేసి వెళ్లింది. మేస్త్రి ముఖం చూసి తప్పు ఒప్పుకోవాలి, ఆయన నాలుగు తిడితే పడాలి. ఆ తిట్లు తనకి రావలసినవే.

షాపులో అధ్యక్షుడుగారు ఫోన్లో ఉన్నారు, అవతల ఫోల్డరాయన. రెండు సంఘాలూ కలిసి ఏదో ఉమ్మడి వేదిక పెట్టే ఆలోచన నడుస్తోంది. ఎవరో ఒకామె ఇస్త్రీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడి ఉంది. మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి మెల్లగా ఊపాడు, తీగ మొదలు దగ్గర వాసన చూశాడు. ఏం పోయిందో ఆయనకి తెలిసిపోయింది. అయినా విప్పలేదు. సంతకం కాగితం అధ్యక్షుడుగారి ముందు పెట్టి, పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రిగారూ," అంది సెక్రటరమ్మ. "ఆ కాగితం టైపు చేసింది నేనే. కింద ఉన్నది చదవలేదు. పాతదాని మీద పేర్లు మార్చేశాను. మీకు మాటిచ్చి..."

మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరుకో అమ్మా," అన్నాడాయన. "ఈ వయసులో షాపు తాళాలు, అద్దెలు, ఆ తలనొప్పంతా తప్పింది నాకు. మీవాడు బాగానే చూసుకుంటున్నాడు. నువ్వు భోంచేశావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కుర్చీ లాగి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

ఫోను పెట్టేసి, ఆవిడ మొగుడు కాగితం లాక్కుని, ఇస్త్రీ పెట్టె వైపు చూడకుండానే సంతకం గీకి, స్టాంపు వేసి, "ఊఁ, కానివ్వు" అన్నాడు.

"అలాగేనండి, అధ్యక్షుడుగారూ" అన్నాడు మేస్త్రి, స్క్రూడ్రైవర్ అందుకుంటూ.

పదకొండేళ్లు అదే మనిషిని "ఒరేయ్" అని పిలిచిన గొంతు అది. ఆ మాటలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని సెక్రటరమ్మ ఆశగా వెతికింది. ఎంత వెతికినా లేదు.